పాత అంబాసిడర్ మీటర్ బోర్డు కోసం అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది చెన్నై, అన్నానగర్. నాన్నగారి 1970 నాటి అంబాసిడర్‌ను ఆదివారాలు మాత్రమే బయటికి తీస్తాను. పాత మీటర్లు తీసేసి డిజిటల్ మీటర్ బోర్డు, టేకు డ్యాష్‌బోర్డు పెట్టడానికి షెడ్డువాళ్లు రూ.1,40,000 అడిగారు. పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: లోన్ వద్దండి. 14 శాతం వడ్డీకి 3 ఏళ్ల గడువు పెడితే నెలకు దాదాపు రూ.4,785 కట్టాలి, వడ్డీయే రూ.32 వేలు దాటుతుంది. రేపు కారు అమ్మినా ఈ ఖర్చు తిరిగి రాదు. పాత బండి కొనేవాళ్లు ముందు అడిగేది బండితో వచ్చిన ఒరిజినల్ మీటర్లు ఉన్నాయా అనే.

నెలకు రూ.10,000 రికరింగ్ డిపాజిట్ వేసుకుంటూ పనిని విడతలుగా చేయించండి. మొదటి డబ్బు వైరింగ్‌కే పెట్టండి. ఇన్నేళ్ల వైర్ల తొడుగు పెళుసుబారి ఉంటుంది, దాని మీద కొత్త తెర కలిపితే షార్ట్ సర్క్యూట్ భయం. విడివిడి ఫ్యూజులతో కొత్త హార్నెస్ (బండి మొత్తం వైర్ల కట్ట) వేయించండి. బండిలో ఇంకా బ్యాటరీని చార్జ్ చేసే పాతకాలపు డైనమో ఉంటే, బండి ఆగి ఇంజిన్ మాత్రమే నడిచేటప్పుడు చార్జింగ్ చాలదు, డిజిటల్ తెర ఆరి వెలుగుతుంటుంది. అప్పుడు దాని బదులు పెట్టే ఆల్టర్నేటర్ ఖర్చు కూడా తోడవుతుంది. పాత స్పీడోమీటర్ కేబుల్‌తో నడుస్తుంది కాబట్టి కొత్తదానికి సెన్సర్ గానీ జీపీఎస్ గానీ కావాలి. పెట్రోల్ ట్యాంకులో మట్టాన్ని కొలిచే ఫ్లోట్ రెసిస్టెన్స్ కొత్త మీటరుకు సరిపోవాలి, లేకపోతే సగం ట్యాంకు ఉన్నా నిండుగా చూపిస్తుంది. ఈ మూడూ షెడ్డువాళ్ల అంచనాలో ఉన్నాయా? కాగితం మీద రాయించుకోండి.

డ్యాష్ రేకును మాత్రం కోయనివ్వకండి. పాత రంధ్రాలకే బోల్టులతో బిగించే టేకు పలక చాలు. 2021 వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ అడగొచ్చు. రుసుము రూ.20,000, గడువు 10 ఏళ్లు. కానీ అలా నమోదైన బండిని ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, ఇంధనం, మరమ్మతుల వంటి పనులకే రోడ్డు మీదికి తీయాలి, మామూలు ఆదివారం షికార్లకు కుదరదు. రేకు కోస్తే ఈ అవకాశం చిక్కుల్లో పడొచ్చు.

కొత్త మీటర్ బోర్డు వివరం బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. విడిగా అమర్చిన ఎలక్ట్రికల్ పరికరాలకు సాధారణంగా వాటి విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. రూ.45,000 పరికరానికి రూ.1,800 అన్నమాట. చెప్పకుండా ఉంటే క్లెయిమ్‌లో దానికి పైసా రాదు.

విప్పే ముందు ఓడోమీటర్ అంకె కనపడేలా ఫొటో తీసి, పాత మీటర్లను గుడ్డలో చుట్టి ఇంట్లోనే ఉంచండి. పుదుపేట పాత విడిభాగాల బజారులో వాటి జత మళ్లీ వెతకాలంటే చాలా తిరగాలి.