సమాధానం: మీ మడ మనుషులకు మొప్పలు వద్దు

మీ నవలలో మడ మనుషులు లక్ష ఏళ్లుగా కోరింగ మడ అడవుల్లో మొప్పలతో బతుకుతున్నారంటే చదివినవాళ్లు నమ్మట్లేదన్నారు కదా. మొప్పలతోనే చిక్కు. వేడి రక్తం ఉన్న ఒంటికి కావలసినంత ఆక్సిజన్ నీటిలో ఉండదు. అవి తీసేసి పెద్ద ప్లీహం (పొట్టలో రక్తకణాలు దాచుకునే అవయవం) పెట్టండి. ఆగ్నేయాసియాలో సముద్రంలో మునిగి చేపలు పట్టే బజావు ప్రజల ప్లీహం పొరుగువారి కంటే సుమారు 50 శాతం పెద్దదని 2018లో తేలింది. అందులో దాగిన, ఆక్సిజన్ మోసే ఎర్రకణాలు మునిగినప్పుడు రక్తంలోకి వస్తాయి, ఊపిరి బిగపట్టి ఎక్కువసేపు ఉండొచ్చు.

ఉప్పు నీళ్లు తాగి బతకడానికి మన మూత్రపిండాలు చాలవు. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు కళ్ల దగ్గర, ఎక్కువైన ఉప్పును కన్నీళ్లలా బయటికి పంపే ఉప్పు గ్రంథులుంటాయి. అవే మీ జాతికీ ఇవ్వండి. ఎప్పుడూ కన్నీళ్లే! వాళ్లని చూసి మన ఊళ్లవాళ్లు ఊరికే జాలిపడే సీను కూడా దొరుకుతుంది.

ఇక ఆ లక్ష ఏళ్లు తీసేయండి. 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు తక్కువ, అంటే తీరం అప్పుడు ఇక్కడ లేదు. తీరం జరిగే కొద్దీ వలస వచ్చారనండి. 1839 తుపాను కోరింగ రేవును దెబ్బతీసింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు, వరిచేలు పెరిగాయి. వాళ్లు మడల్లో ఇంకా లోపలికి పోవడానికి నాకైతే ఆనకట్టే బలమైన కారణం. తుపాను అందరూ వాడేదే.