సుగ్గికి పోయిన సంఘం

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి వైపు పల్లె. 13 ఏండ్లుగా ఏ మిషనుకూ చెందని చిన్న సంఘానికి కాపరిగా ఉన్నాను. దసరా ముందు ఆదివారం ఆరాధనకు 110 మంది వచ్చేవాళ్ళు. సంక్రాంతి దాటాక 35 మంది మిగిలారు. సంఘ పెద్ద ఒకాయన కానుకల లెక్క అడిగితే నేను కోపపడ్డాను. ఆయన 6 కుటుంబాలను తీసుకుని వేరే కూటం పెట్టుకున్నాడు. నాలుగేండ్ల కింద మందిరానికి రేకులు వేయించడానికి నా భార్య నగలు బ్యాంకులో 60,000కు పెట్టాను. ఏటా వడ్డీ కట్టి తిరగరాస్తున్నాను గానీ విడిపించలేదు. ఆమె నాతో మాట్లాడటం తగ్గించింది. మొన్న "నువ్వు సంఘంతోనే కాపురం చెయ్యి" అంది. పదో తరగతి చదివే కొడుకు మందిరానికి రానంటున్నాడు. మూడు నెలలుగా నిద్ర లేదు. షుగరు మాత్రలు వాడుతున్నా, శుక్రవారం ఉపవాసం మాత్రం మానలేదు. 2 లక్షలు అప్పు తెచ్చి మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెడదామని ఒక మనసు, అంతా వదిలి కర్నూలు పోదామని ఇంకో మనసు. ఏం చెయ్యాలి?

జవాబు: అయ్యగారూ, వందనాలు. కూటాలకు అప్పు చేయకండి. కర్నూలు ప్రయాణం కూడా ఇప్పుడు వద్దు. ఈ రెండు ఆలోచనలూ నిద్ర లేని మనిషికి వచ్చినవి.

ముందు ఆ 35 సంగతి చూద్దాం. 110 లోంచి 35 తీస్తే 75 మంది. విడిపోయిన 6 కుటుంబాలు ఇంటికి నలుగురు చొప్పున 24 మంది. మిగతా 51 మంది ఎక్కడున్నారు? మీకు తెలుసు, గుంటూరు వైపు మిరప చేలల్లో ఉన్నారు. కోసిగి, ఆలూరు, మంత్రాలయం పల్లెల్లో ఏ సంఘాన్ని చూసినా ఈ నెలల్లో ఇంతే. వానమీద ఆధారపడిన చేలు చేతులెత్తేశాక జనం సుగ్గికి, అంటే వేరే ఊళ్ళకు కూలి పనికి, పోతారు, ఉగాది ముందూ వెనుకా తిరిగొస్తారు. దాన్ని మీరు దేవుడు సంఘాన్ని విడిచిన గుర్తుగా లెక్కేసుకుని మూడు నెలలుగా కుమిలిపోతున్నారు. ఒక నోటుపుస్తకంలో ఇంటింటి పేరూ రాసి పక్కన నాలుగు గడులు గీయండి: ఊళ్ళో ఉన్నవాళ్ళు, సుగ్గికి పోయినవాళ్ళు, చదువుకో పనికో బెంగళూరు, హైదరాబాదు పోయినవాళ్ళు, మనసు కష్టపడి మానేసినవాళ్ళు. నాలుగో గడిలోని పేర్లే మీకు బాధ కలిగించవలసినవి. అవి మీరు భయపడుతున్నదాంట్లో మూడోవంతు కూడా ఉండవు.

ఇక మీ ఒళ్ళు. షుగరు మాత్రలు వేసుకుని రోజంతా తినకపోతే, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలైతే, చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయి. కోపం కూడా త్వరగా వస్తుంది. డాక్టరు చెప్పేదాకా ఉపవాసం ఆపండి. ప్రార్థనకు మాత్రం కూర్చోండి, వేళకు తిని కూర్చోండి. ఏలీయా బదరీ చెట్టు కింద చచ్చిపోతే బాగుండునన్నప్పుడు దేవుడు ఆయన్ని మందలించలేదు. పడుకోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, మళ్ళీ పడుకోనిచ్చి మళ్ళీ పెట్టించాడు. పరిచర్య మాట ఆ తర్వాతే వచ్చింది. రెండు వారాలు దాటి నిద్ర లేకుండా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే అది వైద్యానికి లొంగే జబ్బు కావచ్చు. అది విశ్వాసంలో లోటు కాదు. షుగరు, బీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి. అంత దూరం పోలేని రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎప్పుడైనా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రాత్రే చేయండి, పొద్దున దాకా ఆగొద్దు.

మీ ఇల్లాలి మాటకు వద్దాం. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచింది ఆ నగలే. ఆమె ఒంటిమీదివి ఇచ్చింది, మందిరానికి రేకులు పడ్డాయి, 4 ఏండ్లు గడిచాయి. సంఘం ఏ ఆదివారమూ ఆ అప్పు తనదని అనలేదు. మీరూ అనిపించలేదు. మీరు దాన్ని త్యాగమన్నారు. ఆమె దృష్టిలో అది అడగకుండా రాసుకున్న బాకీ. పెద్దలను కూర్చోబెట్టి, ఆ 60,000 సంఘం ఆమెకు బాకీ అని తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. నెలకు 2,500 చొప్పున 24 నెలల్లో అసలు తీరుతుంది, వడ్డీ వేరుగా చూసుకోవాలి. సుగ్గి నుంచి వచ్చినవాళ్ళ చేతిలో డబ్బు కనిపించినా అందులో కూలి గుంపును తీసుకెళ్ళిన మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, పాత బాకీలు పోతాయి కాబట్టి వాళ్ళను పిండవద్దు. నెలనెలా కొద్దికొద్దిగా పోగు చేయడమే మేలు. బ్యాంకు కాగితం తీసి గడువు తేదీ చూసుకోండి. గడువు దాటనిస్తే వేలం నోటీసు వస్తుంది. కూటాలకు తేబోయిన 2 లక్షలతో ఆ నగలను మూడుసార్లు విడిపించవచ్చు, ఒక్కసారి ఆలోచించండి.

ఆమెతో మాట్లాడేటప్పుడు వాక్యం ఎత్తవద్దు. "నీ నగల విషయంలో తప్పు చేశాను, ఇదిగో తీర్మానం" అని కాగితం చేతిలో పెట్టండి. ఆమె ఏడ్చినా, పాత సంగతులు పది తవ్వినా, మధ్యలో "నేనెందుకు అలా చేశానంటే" అనకండి. ఆ తర్వాత ఒకటే అడగండి: ఇప్పుడు చేస్తున్న పనుల్లో ఏది దించేస్తే నీకు ఊపిరాడుతుంది? స్త్రీల కూటమా, సండే స్కూలా, ఎవరొచ్చినా టీ పెట్టడమా? ఆమె చెప్పినదాన్ని అదే వారం వేరొకరికి అప్పగించండి. పాస్టరమ్మ అన్నాక అన్నీ చేయాలని బైబిల్లో ఎక్కడా లేదు.

అబ్బాయికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అప్పటిదాకా మైకు సర్దడం, చాపలు పరచడం లాంటివి వాడికి చెప్పకండి. ఆదివారం రమ్మని ఒత్తిడి చేయకండి. ప్రసంగంలో వాడి పేరు, వాడి మార్కులు, వాడి తప్పులు ఉదాహరణగా వాడి ఉంటే క్షమాపణ అడిగి, ఇక వాడనని మాటివ్వండి. కాపరుల పిల్లలు ఎక్కువగా విరిగేది అక్కడే. బయటివాళ్ళకు దొరికే ఓపిక తమకు దొరకదు, పైగా ఇంటి గుట్టు మైకులో వినపడుతుంది.

లెక్క అడిగిన పెద్దాయన గురించి మీకు నచ్చని మాట చెప్పాలి. ఆయన అడిగింది తప్పు కాదు. యెరూషలేము పేదల కోసం పోగైన చందా మోసుకెళ్ళేటప్పుడు పౌలంతటివాడు కూడా తనమీద నింద రాకుండా ఇతరులను వెంట ఉంచుకున్నాడు. కాబట్టి వచ్చే ఆదివారం నుంచే ఇలా చేయండి. కానుకలు ఇంటికి తేవద్దు. ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే, మీకు చుట్టాలు కానివాళ్ళు ఇద్దరు వాటిని లెక్కపెట్టాలి. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. పుస్తకంలో తేదీ, మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మీరు నోట్లు ముట్టుకోవద్దు. సోమవారం బ్యాంకులో వేయాలి. నెల చివరి ఆదివారం వచ్చినది, పోయినది, మిగిలినది, మీ ఇంటికి ఇచ్చిన నెల మొత్తంతో సహా చదివి వినిపించాలి. ఆ నెల మొత్తం ఎంతో పెద్దలు నిర్ణయించాలి, మీరు కాదు. అవసరమొచ్చినప్పుడల్లా పెట్టెలోంచి తీసుకునే పద్ధతిలో నిజాయితీపరుడు కూడా లెక్క చెప్పలేడు. మీ కోపానికి కారణం దొంగతనం కాదు, లెక్క లేకపోవడం.

సంఘం పేరున ఖాతా కావాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం 7 మంది సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు దగ్గర చేయించుకోవచ్చు. తర్వాత పాన్ కార్డు, ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా. ఆ ఏడుగురూ మీ ఇంటివాళ్ళే అయితే మళ్ళీ అదే నింద వస్తుంది. మందిరం స్థలం ఎవరి పేరున ఉందో కూడా చూడండి. మీ పేరున ఉంటే రేపు మీ తర్వాత అది వారసులకు పోతుంది, కొట్లాట అక్కడ మొదలవుతుంది. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా స్థలమైతే చేతులు మార్చడానికి వేరే నిబంధనలున్నాయి, కాగితాలు వకీలుకు చూపించండి.

రెండు నెలల లెక్క చదివాక ఆ పెద్దాయన ఇంటికి ఒక్కరే పోండి. "ఆ రోజు నువ్వు అడిగింది న్యాయం. కోపపడింది నా తప్పు. ఇదిగో పుస్తకం, చూడు." అంతే. తిరిగి రమ్మని అడగకండి, ఆ 6 కుటుంబాల ఊసు ఎత్తకండి. ఆయన మళ్ళీ రాకపోవచ్చు, పుస్తకం ముట్టుకోకపోవచ్చు. అయినా ఊరిబావి దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకునే పని ఇద్దరికీ ఉండదు. పుల్పిట్ మీదినుంచి మాత్రం ఆయన పేరు గానీ, ఆయనకే తగిలేలా సూటిపోటి మాట గానీ రాకూడదు.

ఇప్పుడు ఉజ్జీవం. కూటాలంటే షామియానా, సౌండు, వక్త రాకపోకలు, మూడు రోజుల భోజనాలు. నాలుగో రోజు పొద్దున మిగిలేవి ఖాళీ మైదానం, వడ్డీ. చెయ్యెత్తినవాళ్ళ ఇళ్ళకు వారంలోపు పోయేవాడు లేక ఆ నిర్ణయాలు ఆరిపోతాయి. అందులోనూ ఇప్పుడు పెడితే వినడానికి ఊళ్ళో ఎవరున్నారు? పెట్టాలనుకుంటే ఉగాది తర్వాత, అందరూ దిగాక, ఒక్క సాయంత్రం, ఇంటింటా వండుకొచ్చిన అన్నంతో పెట్టుకోండి.

ఈలోపు చేయవలసిన పని వేరే ఉంది. యిత్రో తన అల్లుడు మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు చెప్పడం చూసి, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారన్నాడు. పదిమందికి ఒకణ్ణి పెట్టమన్నాడు. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత మన సీమ పల్లెల్లో సంఘాలను రోజువారీ నిలబెట్టింది ఊరూరా ఉన్న ఉపదేశులు, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు. దొర ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాడు.

మీరు కూడా ఆ 35 మందిని వీధుల వారీగా మూడు గుంపులు చేయండి. ఒక్కో గుంపుకు ఒకరిని పెట్టండి, చదవడం రాకపోయినా ప్రార్థన చేయగల అవ్వ అయినా సరే. రోగుల దగ్గరికి పోవడం, రానివాళ్ళను పలకరించడం వాళ్ళ పని. మొదటి రెండు వారాలు వాళ్ళను వెంటబెట్టుకుని మీరు చేయండి, తర్వాతి రెండు వారాలు వాళ్ళు చేస్తుంటే మీరు పక్కన ఉండండి, ఆపైన పోవద్దు. తడబడతారు. మళ్ళీ మీరే అందుకుంటే ఇంకెప్పుడూ నేర్చుకోరు.

మిరప చేలల్లో ఉన్నవాళ్ళకు ఆదివారం కూడా కోతే. మేస్త్రీ గుంపుకొకరి ఫోన్ నంబరు తీసుకుని శనివారం రాత్రి 8 దాటాక వాట్సాప్‌లో 5 నిమిషాల వాక్యం పంపండి. ఇంకా ఎక్కువైతే పనిచేసి వచ్చిన ఒళ్ళు వినదు. వారానికి ముగ్గురికి ఫోన్ చేసి ఇక్కడున్న వాళ్ళ అమ్మ, పిల్లలు ఎలా ఉన్నారో చెప్పండి. అవ్వాతాతల దగ్గర వదిలిన పిల్లలు ఈ నెలల్లోనే బడి మానేస్తారు. వలసపోయినవాళ్ళ పిల్లలను ఉంచుకునే సీజనల్ హాస్టల్ ఉందేమో హెడ్‌మాస్టరును అడగండి. సాయంత్రం గంటసేపు మందిరంలో లైటు వేసి వాళ్ళను చదివించేవాళ్ళను చూడండి. సుగ్గి నుంచి తిరిగొచ్చిన తల్లి మొట్టమొదట చూసేది పిల్లవాణ్ణే.

సోమవారం మీకు సెలవు. ఆ రోజూ, మిగతా రోజుల్లో రాత్రి 9 దాటాకా ఫోను ఒక పెద్ద దగ్గర ఉండాలి. చావు, ఆసుపత్రి ఇవి రెండే మీదాకా రావాలి. మొదటి నెల గొణుగుతారు.

కర్నూలు మాట జూన్ దాకా పక్కన పెట్టండి. అప్పటికి జనం తిరిగొచ్చి ఉంటారు, అబ్బాయి ఫలితాలు వచ్చి ఉంటాయి, మీకు నిద్ర పట్టి ఉంటుంది, నగల బాకీ మూడు నాలుగు వాయిదాలు తీరి ఉంటుంది. అప్పుడు మీ ఇద్దరూ కూర్చుని, ముందు ఆమెను మాట్లాడనిచ్చి, ఉండాలా పోవాలా అనుకోండి. మొదట మాత్రం ఈ సోమవారం ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయి గడువు తేదీ కనుక్కోండి.