తిరిగే షాఫ్టుకు ఆయిల్ కాపలా: ఈ ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. పంపులకు, కంప్రెసర్లకు మెకానికల్ సీల్స్, ఆయిల్ వ్యవస్థలు సరఫరా చేసే సంస్థలో సర్వీస్ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. అది జిడ్డు చేతుల పని అని, ఎలక్ట్రిక్ వాహనాల కాలంలో ఆయిల్‌ను నమ్ముకుంటే భవిష్యత్తు ఉండదని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేరమనే చెబుతాను. అయితే మొదటి రెండేళ్లు ఆమెను కార్యాలయంలో కూర్చోబెడతారా, యంత్రాల దగ్గరకు పంపుతారా అన్నది కనుక్కున్న తర్వాతే చేరమంటాను. ఎందుకో తెలియాలంటే ఆ పనిని కొంచెం దగ్గరగా చూడాలి.

పంపు లోపల తిరిగే షాఫ్ట్, అంటే ఇరుసు కడ్డీ, ఎక్కడో ఒకచోట గోడ దాటి బయటికి రావాలి. అక్కడ ఖాళీ లేకపోతే షాఫ్ట్ తిరగదు, ఖాళీ ఉంటే లోపలి ద్రవం బయటికి కారుతుంది. ఈ చిక్కును విప్పడానికి మెకానికల్ సీల్‌లో రెండు రింగులు ముఖాముఖి ఆనుకుని ఉంటాయి. ఒకటి షాఫ్టుతో పాటు తిరుగుతుంది, రెండోది కదలదు. సాధారణంగా ఒకటి కార్బన్‌తోనూ, మరొకటి సిలికాన్ కార్బైడ్ వంటి గట్టి పదార్థంతోనూ చేస్తారు. ఈ రెండు ముఖాల మధ్య ఉండే ద్రవపు పొర మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూఇటూ మాత్రమే. అందుకే ఆ ముఖాల చదునును హీలియం దీపం వెలుగులో కనిపించే చారలను బట్టి కొలుస్తారు, ఒక్కో చారకు సుమారు 0.29 మైక్రాన్ల లెక్కన. ముఖాలు అరగకుండా చూసేదీ, రాపిడిలో పుట్టిన వేడిని మోసుకుపోయేదీ ఆ పొరే. అది ఆవిరైపోయి ముఖాలు పొడిగా రాసుకున్నాయంటే సీల్‌కు ఆయుష్షు తీరినట్టే. సీలింగ్, కూలింగ్ వేర్వేరు పాఠాలని కళాశాలలో అనిపిస్తుంది కాని, షాఫ్ట్ దగ్గర అవి విడివిడిగా ఉండవు.

లోపలి ద్రవం విషపూరితమైనదో, సులువుగా మండేదో అయితే రెండు సీల్స్ పెట్టి, వాటి మధ్య శుభ్రమైన ఆయిల్‌ను లోపలి ద్రవం కన్నా ఎక్కువ ఒత్తిడిలో ఉంచుతారు. పంపు సీల్స్‌కు ప్రమాణమైన ఏపీఐ 682 ఈ తేడా కనీసం 1.4 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) ఉండాలంటుంది. అప్పుడు లోపలి సీల్ దెబ్బతిన్నా ఆయిల్ లోపలికి పోతుందే కాని, ప్రమాదకరమైన ద్రవం బయటికి రాదు.

ఇదే ఉపాయం పెద్ద విద్యుత్ జనరేటర్లలోనూ ఉంది. వాటిలో చాలావాటిని హైడ్రోజన్‌తో చల్లబరుస్తారు. అది గాలి కన్నా దాదాపు 14 రెట్లు తేలిక, వేడిని సుమారు 7 రెట్లు బాగా ప్రవహింపజేస్తుంది. కాని గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. అంత ప్రమాదకరమైన వాయువును లోపల ఆపి ఉంచేది షాఫ్ట్ చుట్టూ ఉన్న సన్నని సందులో, దానికన్నా కాస్త ఎక్కువ ఒత్తిడితో పారే ఆయిలే. కరెంటు పోయినా ఆ ప్రవాహం ఆగకూడదు కనుక బ్యాటరీలతో నడిచే అత్యవసర పంపును సిద్ధంగా ఉంచుతారు. ఆ పంపును క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితం రాసి సంతకం చేసే మనిషి పని చిన్నదని నేను అనుకోను.

ఇక జిడ్డు చేతుల మాట. తిరిగే షాఫ్టును మోసే బేరింగులో ఆయిల్ ఎలా పనిచేస్తుందన్న శాస్త్రం ఆ చేతుల్లోనే పుట్టింది. 1880ల్లో బ్యూచాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఒక బేరింగు పైభాగంలో ఆయిల్ పోయడానికి రంధ్రం చేస్తే, లోపలికి పోవలసిన ఆయిల్ పైకి ఉబికి వచ్చింది. బిరడా పెట్టాడు, అది ఊడి వచ్చింది. కొయ్య మేకు కొట్టినా అదే జరిగింది. చివరికి ప్రెజర్ గేజ్ బిగిస్తే, బేరింగు మీద ఉన్న సగటు భారానికి దాదాపు రెట్టింపు ఒత్తిడి చూపించింది. తిరిగే షాఫ్ట్ తనకూ బేరింగుకూ మధ్యకి ఆయిల్‌ను తానే లాక్కుంటోంది, భారమంతా ఆ ఆయిల్ పొర మీద తేలుతోందన్నమాట. ఈ ఫలితాలకు ఆస్బోర్న్ రెనాల్డ్స్ 1886లో కట్టిన సమీకరణాన్నే మీ అమ్మాయి చదివి ఉంటుంది.

ఆమె రోజువారీ పనిలో అన్నిటికన్నా విలువైనది విప్పిన సీల్‌ను చదవడం. గట్టి రింగు మీద మధ్య నుంచి అంచుకు సన్నని పగుళ్లు ఉంటే అది ఆయిల్ అందక వేడెక్కిందని అర్థం. కార్బన్ ముఖం మీద బొబ్బలు లేస్తే, చిక్కటి ఆయిల్‌తో చల్లగా ఉన్న యంత్రాన్ని పదేపదే ఆపి నడిపారేమో అడగాలి. అరుగుదల గీత ఉండవలసిన దానికన్నా వెడల్పుగా ఉంటే తప్పు సీల్‌ది కాకపోవచ్చు, షాఫ్ట్ ఊగుతోందేమో చూడాలి. నిమిషానికి 100 లీటర్ల ఆయిల్ 15 డిగ్రీలు వేడెక్కి తిరిగి వస్తుంటే అది దాదాపు 43 కిలోవాట్ల వేడిని మోసుకొస్తోందని కాగితం మీద రెండు వరుసల్లో తేల్చగలిగితే, కూలర్ చాలుతుందో లేదో ఆమె అక్కడికక్కడే చెప్పగలదు.

బంధువుల రెండో మాటలో కొంత నిజముంది. వాయువులను నొక్కే పెద్ద కంప్రెసర్లలో 1980ల నుంచి సీల్ ఆయిల్ స్థానాన్ని డ్రై గ్యాస్ సీల్స్ ఆక్రమిస్తూ వచ్చాయి. అక్కడ ఆయిల్ బదులు కొన్ని మైక్రాన్ల వాయుపొర ఉంటుంది. మరోవైపు, ఎలక్ట్రిక్ వాహనాలే ఈ రంగానికి కొత్త ప్రశ్నలు తెస్తున్నాయి. నిమిషానికి 16,000 చుట్లు తిరిగే మోటారులో 40 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఉపరితలం సెకనుకు 33 మీటర్లకు పైగా వేగంతో ఆయిల్ సీల్ (షాఫ్ట్ చుట్టూ బిగించే రబ్బరు రింగు) అంచు కింద జారుతుంది. మామూలు నైట్రైల్ రబ్బరు అందులో సగం వేగానికే చేతులెత్తేస్తుంది. పైగా కొన్ని మోటార్లలో బోలు షాఫ్ట్ గుండా ఆయిల్ పంపి రోటారును, అంటే మోటారులో తిరిగే భాగాన్ని, లోపలి నుంచి చల్లబరుస్తున్నారు. కనుక తాను ఆయిల్ మనిషినని కాక, షాఫ్ట్ మనిషినని ఆమె అనుకోవాలి.

ఇబ్బందులూ చెప్పాలి. మరమ్మతుల కోసం ప్లాంటును ఆపే షట్‌డౌన్ రోజుల్లో రాత్రి, పగలు తేడా ఉండదు. ప్రయాణాలు ఎక్కువ. శబ్దం, వేడి మధ్య నిలబడాలి. అది ఆమెకు సమ్మతమో కాదో ఆమెనే అడగండి, బంధువులను కాదు. చేరిన తర్వాత ఐఎస్ఓ 18436 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వైబ్రేషన్ విశ్లేషణలో (యంత్రం కంపనాలను బట్టి లోపాన్ని కనిపెట్టడంలో) నాలుగు స్థాయిల్లో జరిగే ధ్రువీకరణలో మొదటిది, వీలైతే రెండోది పూర్తి చేయడం మంచిది. లూబ్రికేషన్ ధ్రువీకరణ పరీక్షలు అనుభవం వచ్చాక రాయవచ్చు, తొందరేమీ లేదు.

సంతకం చేసే ముందు ఆమె సంస్థ వాళ్లను ఇంకో ప్రశ్న కూడా అడగాలి: పాడైన సీల్‌ను విప్పి, కారణం కనుక్కుని, నివేదిక రాసేది ఎవరు? సర్వీస్ ఇంజనీరే అంటే చేరిపోవచ్చు. కొత్త సీల్ బిగించి, పాతది మూటకట్టి పంపేయడమే ఆమె పని అని తేలితే, వర్క్‌షాపులో కనీసం ఆరు నెలలు ఉంచుతామని రాతపూర్వకంగా ఇమ్మని అడగమనండి.