సార్వా వరిలో తాలు: లోపం ఎరువుదా, వెలుతురుదా?

కోనసీమలోని ఒకే చేనులో, అదే ఎరువుతో, దాళ్వాలో (రబీ పంటలో) గింజ నిండుతుండగా సార్వాలో (వానాకాలపు పంటలో) స్వర్ణ రకం వరికి తాలు (నిండని గింజలు) ఎందుకు ఎక్కువవుతోందని, పొట్ట దశ (కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉండే దశ) దాటాక మరో దఫా యూరియా వేయవచ్చా అని మీరు అడిగారు. దయచేసి వేయకండి.

గింజలోని పిండిపదార్థం ఎరువు నుంచి రాదు. పత్రహరితం ఎండలోని శక్తిని గ్రహించి నీటిని విడగొడుతుంది (ఆక్సిజన్ వెలువడేది అప్పుడే). ఆ శక్తితోనే ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడును చక్కెరగా మారుస్తుంది. పూతకు ముందు వరి ఈ ఆహారంలో కొంత కాండంలోనూ ఆకు తొడుగుల్లోనూ దాచుకుని, తరువాత కంకికి తరలిస్తుంది. అయితే గింజను నింపే దానిలో ఎక్కువ భాగం పూత తరువాత పోటాకు (కంకికి దిగువన ఉండే చివరి ఆకు), దాని దిగువ ఆకులు ఏ రోజుకారోజు తయారుచేసేదే. సార్వాలో ఈ దశలు మబ్బుల్లో పడితే నిల్వ, తయారీ రెండూ తగ్గుతాయి. శ్వాసక్రియకు అయ్యే ఖర్చు మాత్రం రాత్రింబవళ్లు ఆగదు. దాళ్వా పంట వేసవి ఎండలో పాలుపోసుకుంటుంది.

ముందుగా కొన్ని తాలు గింజలు ఒలిచి చూడండి. పూర్తిగా ఖాళీగా ఉంటే పూత రోజుల్లో వానల వల్ల ఫలదీకరణ దెబ్బతిని ఉండవచ్చు. సగం నిండి ఆగితే ఆహారం చాలలేదని అనుమానించాలి.

ఆలస్యంగా వేసిన యూరియా వల్ల ఆకులు గుబురై కింది ఆకులకు నీడ పెరుగుతుంది, చేను పడిపోయే ప్రమాదమూ ఉంది. ఇప్పుడు పోటాకును ఆకుముడత పురుగు నుంచి, ఎండాకు తెగులు నుంచి కాపాడుకోవడమే ముఖ్యం. వచ్చే సార్వాకు చేనులోకి వెలుతురు అందేలా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తూర్పు పడమరలుగా వదలండి.