ఆ 500 నేనూ తీసుకున్నాను

ప్రభుత్వ బడి టీచర్లకు పిల్లల మార్కుల్ని బట్టి అదనంగా డబ్బులిస్తే చదువులు బాగుపడతాయా, మీకే ఇస్తామంటే తీసుకుంటారా అని అడిగారు. నేను రెండు ఒడ్డులూ చూసినవాణ్ణి. మూడేళ్లు విజయవాడ శివారులో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్లో లెక్కలు చెప్పాను, తర్వాత 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చి అప్పటి నుంచి గుంటూరు జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో చెబుతున్నాను. టీచరు డబ్బుకు కదలడు, సేవాభావంతోనే పని చేస్తాడు అని మా యూనియన్ మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్లున్నారు. నేను కదిలానండి. ఎలా కదిలానో చెబుతాను.

పదో తరగతిలో మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టిన కొత్త అది. బెజవాడ మొత్తం పదికి పది పాయింట్ల పిచ్చి, ఏ కూడలిలో చూసినా ఫ్లెక్సీల మీద పిల్లల మొహాలే. మా స్కూల్లో పద్ధతేమిటంటే, నా సబ్జెక్టులో పది పాయింట్లు తెచ్చుకున్న ఒక్కో పిల్లాడికి నాకు 500 రూపాయలు, సెక్షన్ సగటు పడిపోతే మాత్రం అందులో కోత. నా సెక్షన్‌లో రేపల్లె దగ్గర ఊరి పిల్లాడొకడు ఉండేవాడు. మొద్దు కాదు, నిదానం. ప్రతి మెట్టూ రాసి, కొట్టేసి, దాని కిందే మళ్లీ శుభ్రంగా రాసేవాడు, వారం వారం పెట్టే టెస్టులో ఆఖరి రెండు లెక్కలకూ టైం చాలేది కాదు. రాత్రి స్టడీ అవర్లో నోటు పుస్తకం గుండెకు హత్తుకుని నా బల్ల పక్కన నిలబడ్డాడంటే ఇరవై నిమిషాలు వాడికే పోయేవి. ఆ ఇరవై నిమిషాల్లో తొమ్మిది దగ్గర ఆగిపోయిన ముగ్గుర్ని పదికి లాగొచ్చు. ఈ లెక్క వేసుకోమని నాకెవరూ చెప్పలేదు, నేనే వేసుకున్నాను.

సంక్రాంతి సెలవులయ్యాక వాణ్ణి కింది సెక్షన్‌కి మార్చమని డీన్‌కి చెప్పింది నేనే. ఔటింగ్ ఆదివారం వాళ్ల నాన్న వచ్చాడు, స్టీలు క్యారియర్లో చేపల పులుసు, చేతి సంచిలో సపోటాలు. అందులో నాలుగు సపోటాలు తీసి నా బల్ల మీద పెట్టి, "మావాడేమన్నా తప్పు చేశాడాండీ?" అన్నాడు. "లేదండీ, అక్కడైతే టెన్షన్ తక్కువ, వాడికే మంచిది" అన్నాను. నోరు తడబడలేదు కూడా. "మీరు చెప్పారంటే అంతేనండి" అని దండం పెట్టి వెళ్లాడు. పిల్లాడు తర్వాత రెండు మూడు రాత్రులు మా స్టడీ హాలు గుమ్మం దగ్గరకొచ్చాడు, లోపలికి మాత్రం రాలేదు. ఒకసారి పుస్తకం తెరిచి చూపించబోతే "మీ సెక్షన్ సార్‌ని అడుగు నాన్నా" అన్నాను. ఆ తర్వాత రాలేదు.

ఆ ఏడు నాకు పదమూడు మంది పది పాయింట్ల వాళ్లు తేలారు. కవర్లో 6500 పెట్టి ఇచ్చారు. బీసెంట్ రోడ్డులో మా ఆవిడకి చీర, మిగిలిన దానికి కొంత కలిపి మిక్సీ. మిక్సీ ఇప్పటికీ పనిచేస్తోంది, దాని మోత విన్నప్పుడల్లా మాత్రం సపోటాలు గుర్తొస్తాయి.

ఇంకో 500 సంగతి కూడా ఉంది, మా టీచర్లలోనే చాలామందికి తెలియదు. 2005-06లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 5 జిల్లాల పల్లెటూరి ప్రాథమిక బడుల్లో ఈ ప్రయోగం చేశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు, ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి. పిల్లల సగటు మార్కుల్లో పెరుగుదల 5 శాతం దాటాక, ఆ పైన పెరిగిన ఒక్కో శాతానికి టీచరుకు 500. సగటున చేతికొచ్చింది ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్లు తిరిగేసరికి ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో మిగతా బడుల పిల్లల్ని దాటారు, అసలు బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా దాటారు. విచిత్రమేమిటంటే టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. ఎగ్గొట్టేవాళ్లు ఎగ్గొడుతూనే ఉన్నారు, కాకపోతే బడికొచ్చిన రోజున అదనపు క్లాసులు, హోంవర్కు, ప్రాక్టీసు టెస్టులు పెరిగాయి. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, మా స్టాఫ్ రూంలో గంటసేపు కూర్చుంటే మీకూ ఉండదు.

మరి అక్కడా 500, నాకూ 500. తేడా ఎక్కడంటే, నాకు పదో పాయింటుకు డబ్బులిచ్చారు, వాళ్లకు పిల్లాడు మొదట ఉన్నచోటు నుంచి ఎంత పైకొచ్చాడో దానికిచ్చారు. ఆ లెక్కలో నా రేపల్లె పిల్లాడు బంగారం. పైగా పరీక్ష బయటివాళ్లు పెట్టారు, వెనకబడ్డవాళ్లను పరీక్ష రోజు ఇంటి దగ్గర ఆపేస్తే టీచరుకే నష్టమొచ్చేలా కట్టారు. ఈ రెండూ లేకుండా డబ్బులిస్తే ఏమవుతుందో అట్లాంటాలో చూశాం కదా. అమెరికా వాళ్లే, టీచర్లే పిల్లల జవాబు పత్రాలు చెరిపి దిద్దారు, 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది. మా బడుల్లో ఫార్మేటివ్ పరీక్షలు, అంటే ఏడాది మధ్యలో జరిగే చిన్న పరీక్షలు, మేమే పెట్టి, మేమే దిద్ది, మేమే ఆన్‌లైన్లో ఎక్కిస్తాం. వాటి మీద బోనస్ పెట్టి చూడండి, రాష్ట్రమంతా ఒక్క టర్ములో మేధావులైపోతుంది.

ఇక మా వైపు అసలు గొడవ మిరప. జనవరి నుంచి కోతలు. సరిగ్గా పదో తరగతి రివిజన్ మొదలయ్యేటప్పటికి క్లాసులో సగం బెంచీలు ఖాళీ. ఆడపిల్లలైతే కోతలయ్యాక కూడా తల్లుల వెంట తొడిమలు తీసే పనికి పోతారు. నిరుడు ఒక పిల్ల వారం తర్వాత బడికొచ్చి పెన్ను పట్టుకుంటే వేళ్లు మండుతున్నాయంది, మర్చిపోయి కళ్లు తుడుచుకుంది, ఇంక ఆ పీరియడ్‌లో త్రికోణమితి ఎక్కడ. కొళాయి దగ్గరికి తీసుకెళ్లమని ఇద్దర్ని పంపి మిగతావాళ్లకు రెండు లెక్కలు చెప్పేసరికి బెల్లు కొట్టారు. ఎనిమిదిలో భాగహారం రాని పిల్ల అది, పదిలో పాసైంది. పాస్ శాతంలో ఆ పిల్లా ఒకటే, మొదటి నుంచీ తొంభై తెచ్చుకునే డాక్టరుగారబ్బాయీ ఒకటే (మా ఊళ్లో డాక్టరుగారు లేరనుకోండి, మాటవరసకన్నాను). ఆ పిల్లను కోతల నుంచి తీసుకురావడానికి వాళ్లమ్మతో మూడుసార్లు మాట్లాడిన పనిని ఏ బోనస్ లెక్కలో వేస్తారో నాకైతే తెలియదు.

ఆ మాట్లాడే టైమైనా ఉండాలిగా. ఆ మధ్య కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే తీసి యాప్‌లో పెట్టాం. 2022 ఆగస్టులో మొహం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది, సిగ్నల్ కోసం మేడెక్కి ఫోను పైకెత్తి నిలబడితే కింద పిల్లలు నవ్వేవాళ్లు. ఎన్నికలొస్తే మేమే, ఓటర్ల జాబితా అంటే మేమే. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, సీపీఎస్ (మా జీతంలోంచి కోసి కట్టే కొత్త పెన్షన్) రద్దు రద్దు అని ప్రతి ఎన్నికకీ వింటూనే ఉన్నాం. గవర్నమెంటు టీచరు పిల్లలు కాన్వెంటులో ఎందుకు చదువుతారని మా వీధిలో అడుగుతారు. నా కొడుకు మా బడిలోనే చదివాడని చెబితే ఇప్పటికీ నమ్మరు.

అసలు ప్రశ్న. తీసుకుంటాను. జూన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి బయటివాళ్లు వచ్చి పరీక్ష పెట్టాలి, రిజిస్టరులో పేరున్న ప్రతి పిల్లా లెక్కలోకి రావాలి, ఆ మధ్య పది నెలలు నన్ను నా క్లాసులో ఉండనివ్వాలి. ఇంకొకటి, ఆ బోనస్‌ని మా డీఏ (కరువు భత్యం) బకాయిల్లో కలపకుండా విడిగా వేయాలి. అందులో పడితే నా కొడుకు రిటైరయ్యేనాటికి వస్తుంది.