డ్రమ్స్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు దాచుకున్న జీతం డబ్బుతో డ్రమ్స్ సెట్టు కొంటున్నావనీ, కూకట్‌పల్లిలో అద్దెకున్న ఇంట్లో చిన్న పడకగదిలో దాన్ని పెట్టబోతున్నావనీ నిన్న రాత్రి మీ అమ్మ చెప్పింది. ఆ మాట విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఆర్కెస్ట్రా రోజుల్లో దాన్ని జాజ్ అనేవాళ్ళం. మన ఇంట్లో నా తరువాత మళ్ళీ ఒకరు ఆ జాజ్ ముందు కూర్చోబోతున్నారన్న సంతోషం ఒకవైపు, ఆ గది ఎంత చిన్నదో విన్నప్పుడు పుట్టిన భయం మరొకవైపు నన్ను పట్టుకున్నాయి.

కొనే విషయంలో చెప్పవలసింది తక్కువే. కాలి పెడల్‌తో మోగించే 22 అంగుళాల బేస్ డ్రమ్, మోకాళ్ళ ముందు ఉండే 14 అంగుళాల స్నేర్, వాటి చుట్టూ అమర్చే రెండు మూడు టామ్‌లు నీకు చాలు. పాత సెట్టయినా తప్పు లేదు, కానీ పైపొరలు విప్పించి, అవి ఆనే చెక్క అంచు ఎక్కడైనా చిట్లిందేమో వేలితో తడిమి చూసుకో. పెడల్, కూర్చునే స్టూలు గట్టివి తీసుకో. పొరలు బిగించేటప్పుడు వరుసగా తిప్పుకుంటూ పోకుండా, ఒక మర తరువాత దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మరను బిగించు. డప్పును మంటకు కాచినట్లు వీటిని కాచే పని లేదు, 1957 ప్రాంతంలో వచ్చిన ప్లాస్టిక్ పొరలు ఆ బాధ తీర్చాయి. స్టిక్స్‌లో 5ఏ అనే మధ్యరకం మందానివి తీసుకుంటే నీ చేతికి సరిపోతాయి.

సింబల్స్, అంటే స్టిక్స్‌తో కొట్టే లోహపు పళ్ళేల దగ్గర మాత్రం లోభించవద్దు. చవక సెట్టుతో వచ్చేవి చాలామట్టుకు ఇత్తడివి, మంచివి కంచువి. నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం కలిపిన ఆ కంచు మోగినప్పుడు నాదం చాలాసేపు నిలుస్తుంది. నేను మద్రాసు నుంచి అపురూపంగా తెచ్చుకున్న సింబల్‌ను పండుగకు బిందెలు తోమినట్లు చింతపండుతో తోమి, దాని మీది ముద్రనూ, ఏళ్ళ తరబడి దానికి పట్టిన నిగారింపునూ ఒక్క పూటలో పోగొట్టాను. నువ్వు పొడిబట్టతో తుడిస్తే చాలు.

ఇక నన్ను రాత్రంతా మేలుకొలిపిన సంగతికి వస్తాను. కొనవలసిన వస్తువులన్నీ జాబితా రాశావట, అందులో స్టాండ్లు, సంచీలు, కింద పరిచే తివాచీ కూడా ఉన్నాయట. ఇయర్ ప్లగ్స్ ఉన్నాయా అని అడిగితే మీ అమ్మ వెతికి, లేవంది. అంత చదువుకున్న పిల్లవు, సింబల్ మీద గీత పడకుండా సంచీ కొనుక్కోవాలని తోచిన దానివి, చెవుల సంగతి ఎలా మరిచిపోయావమ్మా?

నేను రాజమండ్రి ఆర్కెస్ట్రాలో చేరింది 1979లో. వినాయక చవితి నుంచి దసరా దాకా గోదావరి జిల్లాల్లో పందిరి తరువాత పందిరి తిరిగేవాళ్ళం. రాత్రి తొమ్మిదికి మొదలైన కార్యక్రమం రెండు గంటలకు గానీ ముగిసేది కాదు. నా ఎడమ చేతి వైపు కాలితో మూసి తెరిచే జంట సింబల్స్ హై-హ్యాట్, దాని పైన పెద్దగా మోగే క్రాష్ సింబల్, వీపు వెనుక నిలువెత్తు స్పీకరు ఉండేవి. వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు రెండు చెవుల్లోనూ కీచురాళ్ళ మోతలాంటి రొద వినిపించేది. ఇల్లు చేరి పడుకుంటే అదే పోతుందని పెద్ద కళాకారులు అనేవారు, తెల్లారేసరికి నిజంగానే పోయేది. పోయింది కాబట్టి చెవికి ఏమీ కాలేదని నమ్మడమే నేను చేసిన తప్పు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని రోమ కణాలు ఉంటాయనీ, అవి మొదట్లో అలిసి కోలుకుంటాయనీ, పదే పదే దెబ్బ తింటే చచ్చిపోతాయనీ, మనిషికి అవి మళ్ళీ మొలవవనీ ఎవరూ చెప్పలేదు. ఒక దసరా రాత్రి మొదలైన రొద మరునాడు పోలేదు. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా అది నాతోనే ఉంది.

అప్పటికీ నేను ఆపలేదు. సింబల్స్ మొద్దుబారాయనుకొని మరింత గట్టిగా కొట్టాను. మొద్దుబారింది నా చెవి. పాడే అమ్మాయి తన గొంతు తనకే వినిపించడం లేదని బతిమాలితే విసుక్కున్నాను. ఆమెకు క్షమాపణ చెప్పే అవకాశం మళ్ళీ రాలేదు.

నువ్వు నడక నేర్చిన ఏడాది అమ్మమ్మ నీ కాళ్ళకు వెండి పట్టీలు పెట్టింది. ఒక సాయంత్రం నేను వసారాలో పేపరు చదువుకుంటుంటే ఇంట్లో వాళ్ళందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి నవ్వారు. నాకు కారణం తెలియలేదు. నువ్వు వచ్చి నా పంచె అంచు లాగేదాకా నా వెనుకే ఉన్నావని నాకు తెలియలేదు. ఆ రాత్రి నువ్వు నిద్రపోయాక నీ పట్టీ ఒకటి మెల్లగా విప్పి, చెవి దగ్గర పెట్టుకొని ఊపాను. కుడి చెవికి ఎక్కడో దూరాన మోగినట్లు వినిపించింది, ఎడమ చెవికి ఏమీ వినిపించలేదు. తరువాత కాకినాడలో పరీక్ష చేసిన డాక్టరు గీతల కాగితం చూపించి, 4000 హెర్ట్జ్ అనే సన్నని కీచు స్వరం దగ్గర గీత గోతిలోకి దిగినట్లు పడిపోయిన చోట పెన్సిలుతో చుక్క పెట్టారు. మువ్వల సంగతి మీ అమ్మకు నేటి దాకా చెప్పలేదు.

అందుకే లెక్క వివరంగా రాస్తున్నాను. మోత ఎంతో డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు వినవచ్చంటారు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. నాలుగు వైపులా గట్టి గోడలున్న చిన్న గదిలో గట్టిగా వాయిస్తే 100 దాటడం ఏమంత కష్టం కాదు. పరుపు, దళసరి తెరలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ సింబల్ నుంచి నేరుగా నీ చెవికి వచ్చే దెబ్బను ఆపలేవు. దూది కూడా పనికిరాదు, నేను చాలా ఏళ్ళు అదే పెట్టుకొని మోసపోయాను. సంగీతకారుల కోసం చేసే ప్లగ్స్ మంద్రం నుంచి తారం దాకా అన్ని స్థాయిల స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి వాద్యం రుచి చెడదు. అవి వచ్చేదాకా నురుగుతో చేసినవి వాడు, వాటిని సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపల ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకో. ఎలక్ట్రానిక్ సెట్టు కొన్నా ఈ భయం తీరదు, హెడ్‌ఫోన్స్‌లో పెంచుకునే మోత కూడా మోతే. పైగా పెడల్ అదురు కింది ఇంటివాళ్ళకు తెలుస్తుంది, ముందుగానే వెళ్ళి వాళ్ళతో మాట్లాడు.

సెట్టు ఇంటికి రాకముందే ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకొని, ఆ కాగితం దాచిపెట్టు. ఏడాది తరువాత చేయించే పరీక్షను దానితో పోల్చి చూడాలి. ఆ ఖర్చు నేను పంపుతున్నాను, వద్దనకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు స్టిక్స్, ప్రాక్టీస్ ప్యాడ్ తెచ్చుకో. వసారాలోనే కూర్చుందాం, నువ్వు నా కుడివైపు కూర్చుని వాయించు.

ఇట్లు,
నీ మామయ్య