బ్యాంకాక్‌ల ఒక్కటే రోజా బిడ్డా, అయితే గిది చదువుకొని పో

బిడ్డా,

నిన్న ఫోన్ల నువ్వు చెప్పిన ప్లాన్ ఇన్న, ఇని నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. ఉన్నదే ఒక్కటే రోజు, దాంట్ల గ్రాండ్ ప్యాలెస్ అంటవ్, నాలుగు గుళ్ళంటవ్, చతుచక్ అంటవ్, రెండు మాల్సంటవ్, రాత్రికి చైనా బజారంటవ్, ఇదేమన్న పిల్లలమర్రికి పోయి మాపటికి ఇంటికొచ్చినట్టనుకున్నవా. పైంగ మీ అత్తమ్మ కూడా వస్తున్నది, ఆమె మోకాళ్ళ సంగతి నాకెర్కనే. చతుచక్ పెద్ద సంత శని ఆదివారాలే, మీరు ఆడ ఉండేది గురువారం, కాబట్టి అది కొట్టెయ్. మాల్సు కూడ కొట్టెయ్, ఏసీల తిరగనీకె అంత దూరం పోవుడెందుకు, హైదరాబాద్‌ల లేవా.

నేను దుకాణానికి సరుకు తెచ్చుకోనీకె నాలుగుసార్లు పోయిన, మొదటిసారి 2014ల మీ చిన్నాయినతోని. ఆ మొదటిసారి ఏమైందో ఇంట్ల ఎవ్వరికి పూర్తిగ చెప్పలే, నీకు చెప్తున్న. ప్యాలెస్ గోడ పొంటి నడుస్తుంటె తెల్లంగి, మెడల కార్డు, మంచిగ తలదువ్వుకున్న ఒకాయన నవ్వుకుంట వచ్చిండు, ఇండియానా అన్నడు, అయ్యో ఈరోజు పూజ ఉన్నది ప్యాలెస్ బంద్, ఒంటిగంటకు తెరుస్తరు, అందాక ఇరవై బాట్లకు (బాట్ అంటె వాళ్ళ రూపాయి) టుక్‌టుక్ ఆటోల మూడు గుళ్ళు చూపిస్తరు అన్నడు. దేవుని లెక్క దొరికిండనుకొని ఎక్కినం. ఒక చిన్న గుడి చూపించిండు, ఆ తర్వాత సీదా ఒక రాళ్ళ దుకాణం. ఈరోజే ఆఖరిరోజు, గవర్నమెంట్ డిస్కౌంట్ అన్నరు, నేను ఎర్రరాయి ఉంగరం కొన్న, ఆనాడు మన పైసలల్ల ఎనిమిది వేలు. ఇంటికొచ్చి కంసాలాయనకు చూపిస్తె రాయిని ఎలుగుకు పెట్టి చూసి, అమ్మా దీనికి పెట్టిన డబ్బీ బాగుంది అన్నడు. ప్యాలెస్ ఆ రోజంతా తెరిచే ఉన్నది, తర్వాత తెలిసింది.

అందుకే ఆ ఊళ్ళె నా లెక్క ఒకటే, తనంతట తాను వచ్చి పలకరించినోని మాట ఇనకు, నువ్వు పోయి అడిగినోని మాట ఇను. దుకాణంల కూసున్న ముసలామెను అడుగు, బడిపిల్లలను అడుగు, చెయ్యి పట్టుకొని తోవ చూపిస్తరు, మస్తు మంచోళ్ళు. పోకముందు ఆన్‌లైన్ల నింపాల్సిన అరైవల్ కార్డు సంగతి కూడ గంతే, అది ఫ్రీ, మూడు రోజుల ముందల నింపుడు షురూ జెయ్యొచ్చు, పైసలడిగే సైటు కనపడ్డదంటె అది వేరేటోళ్ళది. వీసా రూల్స్ మారుతుంటయి, టికెట్ బుక్ చేసే రోజు అల్లున్ని ఒకసారి చూసుకోమను.

ఎయిర్‌పోర్ట్ పేరే సువర్ణభూమి, లోపల క్షీరసాగర మథనం బొమ్మ ఇంత పెద్దగుంటది, దేవతలు ఒకదిక్కు రాక్షసులు ఒకదిక్కు వాసుకిని గుంజుతుంటరు, అత్తమ్మకు చూపియ్, ఆమెకు సగం భయం ఆడనే పోతది. మన టైముకు గంటన్నర కలుపుకోవాలె. బాట్‌ను మనసుల మూడుతోని గుణించుకో, అసలు కంటె కొంచెం ఎక్కువే వస్తది గని జేబుకు మంచిది.

ఇగ ఆ రోజు సంగతి. పొద్దున్నే లేవుండ్రి, ఎనిమిదిన్నరకు ప్యాలెస్ గేటు తెరిచేటాల్లకు మీరు ఆడుండాలె, పది దాటితె బస్సుల్ల జనం దిగుతరు, ఎండ నెత్తిమీదికొస్తది. హోటల్ నుంచి పైన నడిచే రైలెక్కి సఫాన్ తాక్సిన్ స్టేషన్ల దిగుండ్రి, కిందనే నది, పడవల రేవు. ఆడ నీలం జెండా పడవ టూరిస్టులది, పిరం, నారింజ జెండాది ఊరోళ్ళది, పదహారు బాట్లు, తా చాంగ్ రేవుల దిగితె ప్యాలెస్ పక్కనే. టికెట్ కౌంటర్ల ఉన్నోళ్ళు నీలం పడవనే చూపిస్తరు, నువ్వు ఆరెంజ్ ఆరెంజ్ అను.

ప్యాలెస్ టికెట్ మనిషికి ఐదొందల బాట్లు, పిరమే గని దాన్ని మాత్రం కొట్టెయ్యకు, అది చూడాల్సిందే. బట్టల కాడ గట్టిగుంటరు, భుజాలు మోకాళ్ళు కనపడొద్దు, నీ చేతుల్లేని కుర్తా మీద చున్నీ కప్పుకుంటె నడుస్తదనుకోకు, చేతులున్న పంజాబీ డ్రెస్సే ఏస్కో. అల్లుడు నిక్కరేస్తె గేటు కాడ్నే ఆపుతరు, ఇగ బయట ప్యాంటు కొనాలె, వాడు చెప్పిందే ధర. 1782ల మొదటి రాముడనే రాజు రాజధాని ఈడికి తెచ్చి కట్టించిండు, ఆ వంశం రాజులందరు రాములే, ఇప్పుడున్నాయన పదో రాముడు. ప్యాలెస్ లోపలి గుళ్ళె పచ్చరాతి బుద్ధుడు చిన్నగుంటడు, 66 సెంటీమీటర్లు, ఎండకాలం వానకాలం చలికాలం మూడుసార్లు రాజే స్వయంగ బట్టలు మారుస్తడు. ఆ గుడి లోపల ఫోటోలొద్దు, కాళ్ళు దేవుని దిక్కు చాపకుండ మడిచి కూసోవాలె, అత్తమ్మకు మోకాళ్ళతోని కాకుంటె బయటనే ఉండనియ్.

ఎందుకంటె ఆమెకు బయటే పని ఉన్నది. చుట్టు వసారా గోడ పొంటి రామాయణం మొత్తం బొమ్మలేసి ఉంటది, 178 పటాలు, బంగారు రంగుతోని, నీడల నడుసుకుంట చూడొచ్చు. గేట్ల కాడ నిలబడ్డ పచ్చ రాక్షసుని పేరు తోత్సకన్, అంటె దశకంఠుడు, మన రావణుడే కాపలా! ఒక్కమాట, వాళ్ళ కథల హనుమంతుడు బ్రహ్మచారి కాదు, రావణుని బిడ్డ ఒక మత్స్యకన్య ఉంటది, ఆమెను చేసుకుంటడు. ఆ పటం కాడికొస్తె అత్తమ్మను జర జల్ది నడిపియ్.

ఆడికెల్లి వాట్ ఫోకు నడుచుకుంటనే పోవచ్చు, వాట్ అంటె గుడి. 46 మీటర్ల బుద్ధుడు పండుకోని ఉంటడు, అరికాళ్ళకు ముత్యపుచిప్పల పని, నా కంటికి మొఖం కంటె కాళ్ళే బాగున్నయి. వెనక దిక్కు వరసగ 108 గిన్నెలుంటయి, చిల్లర తీసుకొని ఒక్కొక్కదాంట్ల ఏసుకుంట పోతె టింగు టింగుమని సప్పుడు, మీ చిన్నాయిన రెండుసార్లు ఏసిండు. దాని ముందటి రేవు నుంచి నది దాటితె వాట్ అరుణ్, సూర్యుని సారథి అరుణుడున్నడు గద ఆయన పేరే, ఒళ్ళంత పింగాణి ముక్కలు అతికించిన గోపురం. మెట్లు నిలువుగుంటయి, అత్తమ్మను కింద కూసోపెట్టి నీళ్ళిచ్చి మీరెక్కుండ్రి. నీళ్ళకు ఫికరొద్దు, మలుపు మలుపుకు సెవెన్ ఎలెవెన్ ఉంటది, లోపలికి పోయి ఐదు నిమిషాలు ఏసీల నిలబడ్డ ఎవ్వరేమనరు.

పన్నెండు దాటినంక ఎండల తిరగొద్దు. మళ్ళ ఇటు ఒడ్డుకొచ్చి సనాం చాయ్ స్టేషన్ల భూమి కింది రైలెక్కితె పక్క స్టేషనే సాం యోత్, పహురాత్ అనే మనోళ్ళ బజారు ఆడనే. బంగారు గుమ్మటం గురుద్వార కనపడ్తది, చుట్టు గల్లీల పప్పు, రోటీ, చాయ్ దొరుకుతది, అత్తమ్మకు అన్నం ఆడనే పెట్టియ్. రాత్రి తినేది మీ ఇద్దరికి, ఆమెకు మధ్యాహ్నమే కడుపునిండాలె.

తిన్నంక సాంపెంగ్ గల్లి. ఇగో ఇది నా ఇలాక. సందు ఎంత ఇరుకంటె ఎదురుంగ ట్రాలీ వస్తె గోడకు అతుక్కోవాలె, కురుమూర్తి జాతర్ల గాజుల దుకాణాల కాడ ఎట్లుంటదో గట్ల. క్లిప్పులు, చెవులకు పెట్టుకునేటివి, లేసులు, బొమ్మలు, పౌచ్‌లు. ఒక్కటి కొంటె ఒక ధర, మూడు కొంటె ఒక ధర, డజనుకు ఇంకొక ధర, అందుకే సోపతులకు ఇచ్చేటివన్ని ఒకే రకం కొను. తావ్ రై అంటె ఎంత అని, లొద్ నోయ్ అంటె జర తగ్గియ్యమని. నవ్వుకుంట అడుగు, మన గంజి బజార్ల అడిగినట్టు మొఖం గంటు పెట్టి అడిగితె వాళ్ళు క్యాలిక్యులేటర్ లోపల పెట్టేస్తరు. కాగితం నోట్లు ఉంచుకో. రాజు బొమ్మున్న నోటు కింద పడితె కాలితోని ఆపకు, తప్పుగ చూస్తరు. సాయంత్రం ఐదుకే షట్టర్లు దించుడు షురూ, కాబట్టి చూసుకుంట నిలబడకు. ఒకే దుకాణంల రెండువేల బాట్లకు కొంటె ట్యాక్స్ వాపస్ కాగితం అడగొచ్చు గని అది మాల్స్‌లనే, ఈడ అడిగితె నవ్వుతరు.

పక్క రోడ్డే యావోరాత్, చైనా బజారు. చీకటైతుంటె ఎర్ర బోర్డులు ఎలుగుతయి, రోడ్డు మీదనే పొయ్యిలు పెడ్తరు. సోమవారం అయితె చాన బండ్లు ఉండవు, మీది గురువారం కాబట్టి ఫికర్ లేదు. ఒక్క బండి కాడనే కడుపు నింపుకోవద్దు, ఒక ప్లేటు ఇద్దరు తినుండ్రి, ముందుకు పోండ్రి. ప్యాడ్ థాయ్‌ల ఎండురొయ్యలు, చేపల పులుసు నీళ్ళు పడ్తయి, కూరగాయలదే అన్నా పడ్తయి. మీ అత్తమ్మ కోసం పసుపు జెండా మీద ఎర్ర అక్షరమున్న బండి చూడు, దాన్ని జే అంటరు, ఉల్లి ఎల్లిపాయ కూడ ఏయరు. మూ అంటె పంది, నువా అంటె పెద్దకూర, కై అంటె కోడి, ఈ మూడు మాటలు అరచేతిల రాసుకో. కోడిని తులసాకుతోని ఏంచుతరు, క్రపావ్ అంటరు, మొదటిసారి నాకు మనసొప్పలే, తిన్నంక ఒప్పింది. కారం మేం తింటం అని గొప్పలు పోకు, వాళ్ళ చిన్న మిరపకాయ మన పాలమూరోళ్ళను కూడ ఏడిపిస్తది.

అత్తమ్మకు రెండు ఉన్నయి. ఖనోం క్రోక్, అచ్చం మన గుంతపొంగణాల పెనమే, బియ్యప్పిండి కొబ్బరిపాలు పోసి తియ్యగ ఏస్తరు, కొందరు ఉల్లాకు కూడ చల్లుతరు, వద్దని చెప్పు. ఇంకోటి మామిడిపండు, జిగట అన్నం, పైన కొబ్బరిపాలు. పండు తియ్యగుంటది, పీచుండదు, బాగుంటది, గని కొల్లాపూర్ పండు తిన్న నోటికి ఆ వాసన సాలదు, ఈ మాట ఆడ అనకు.

దురియాన్ పండు చూస్తె తిను, హోటల్‌కు రైలుకు మాత్రం తీస్కపోకు, రానియ్యరు. తిరిగొచ్చేటప్పుడు ట్యాక్సీల మీటర్ అంటె మీటర్ ఏయమను, ఏయనంటె దిగు, లేకుంటె ఫోన్ల గ్రాబ్ యాప్‌తోని బండి బుక్ చేసుకో.

నాకు చీరెలు గీరెలు తేవద్దు. సాంపెంగ్‌ల నల్ల క్లచర్లు నాలుగు డజన్లు తే, పెద్ద సైజు, పళ్ళు గట్టిగున్నయో లేవో ఒకటి నీ జుట్టుకే పెట్టి చూడు. పైసలు ఫోన్‌పే జేస్త.

మీ చిన్నమ్మ